రాతిలో అల

రాతి గుండా నడిచే అల చాలా వేగంగా పోతుంది. గట్టి గ్రానైటులో దాని వేగం సెకనుకు ఐదారు కిలోమీటర్లు. కావలి పక్కన నేలలో మందుగుండు పేలిస్తే, ఆ కుదుపు నెల్లూరు షిస్టు రాళ్లను దాటి, వెలిగొండల కింద నుంచి కడప రాళ్లలోకి దిగి, నిమిషం నిండకముందే అనంతపురం నేలను తాకుతుంది.

ఈ దారిని నిజంగానే కొలిచారు. హైదరాబాదులో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, సోవియట్ శాస్త్రజ్ఞుల సహకారంతో, 1972 నుంచి 1975 వరకు బంగాళాఖాతం ఒడ్డున ఉన్న కావలి నుంచి అరేబియా సముద్రం ఒడ్డున ఉన్న ఉడిపి దాకా ఒక గీత గీసింది. పొడవు సుమారు 600 కిలోమీటర్లు. దేశంలో ఈ తరహా లోతైన శోధన అదే మొదటిది. బోర్లు తవ్వి, వాటిలో మందు కూరి పేల్చారు. గీత వెంబడి వరుసగా పాతిన జియోఫోనులు నేల కదలికను పట్టుకున్నాయి. ఏ అల ఎంత సేపటికి ఎక్కడికి చేరిందో లెక్కకట్టి, లోపలి పొరల లోతు తేల్చారు. కె. ఎల్. కైలా, ఆయన సహచరులు 1979లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఈ గీత కింద భూమి పైపెంకు మందం సుమారు 34 నుంచి 41 కిలోమీటర్లు. కడప రాళ్ల తూర్పు అంచున, నెల్లూరు వైపు రాళ్లు వాటి మీదికి ఎక్కి కూర్చున్న వాలు కూడా ఈ కొలతల్లో కనిపించింది.

ఈ లెక్కలన్నిటి కిందా ఒక పాత సూత్రం ఉంది. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన సూత్రం అది: సాగే వస్తువు మీద బరువు రెట్టింపైతే సాగుడు కూడా రెట్టింపవుతుంది. కొట్లో వేలాడే స్ప్రింగు త్రాసు పనిచేసేది ఈ నమ్మకం మీదే. బరువుకీ సాగుడుకీ బొమ్మ గీస్తే తిన్నని గీత వస్తుంది కనుక దీన్ని రేఖీయ ప్రవర్తన అంటారు. రాయి ఈ సూత్రానికి లోబడి ఉన్నంతసేపు దానిలోని అలలు మూడు మర్యాదలు పాటిస్తాయి. చిన్న అలకీ పెద్ద అలకీ వేగం ఒక్కటే. రెండు అలలు ఎదురైతే ఒకదానిలోంచి ఒకటి దాటిపోతాయి, ఏదీ చెదరదు. బయలుదేరినప్పుడు సెకనుకు పది సార్లు ఊగిన అల ఎంత దూరం పోయినా పది సార్లే ఊగుతుంది. రాయి హుక్ సూత్రాన్ని దాటిన క్షణాన ఈ మూడూ పోతాయి. అప్పుడు అది అరేఖీయ ప్రవర్తన.

రాయి హద్దు దాటే చోటు తెలియాలంటే ఒక కొలత కావాలి. వస్తువు తన పొడవులో ఎన్నో వంతు సాగిందో, నలిగిందో చెప్పే సంఖ్యను వికృతి అంటారు. కిలోమీటరు పొడవున్న బండ ఒక్క మిల్లీమీటరు నలిగితే వికృతి పది లక్షల్లో ఒక వంతు. లోహాలకు ఇది లెక్కలోకి రాని కదలిక. చాలా రాళ్లు మాత్రం సరిగ్గా ఈ మేరకే, కొన్ని ఇంతకన్నా ముందే, హుక్ సూత్రం నుంచి పక్కకు జరగడం మొదలుపెడతాయి. ఉక్కు కన్నా రాయే మొండిదని లోకం అనుకుంటుంది. తీరా కొలిస్తే ఈ విషయంలో ఉక్కే సూత్రానికి కట్టుబడి ఉంటుంది.

కావలి గీత మీద పేలిన మందును ఈ కొలతతో చూస్తే దాని అల రెండు రకాలుగా బతికిందని తెలుస్తుంది. పేలిన క్షణాన బోరు గోడ మీద పడే ఒత్తిడి వాయుమండలపు ఒత్తిడికి పదుల వేల రెట్లు. అక్కడి రాయి పిండి అవుతుంది. దాని చుట్టూ పగుళ్లు చీలుకుంటూ పోతాయి. మందులో ఉన్న శక్తిలో ఎక్కువ భాగం ఈ నలగడంలోనూ వేడిలోనూ ఖర్చయిపోతుంది, దూరం పోయే అలగా మారేది నూటికి ఒకటి రెండు వంతులే. పగుళ్ల వలయం దాటాక రాయి విరగదు కానీ, హుక్ సూత్రానికీ లోబడదు. ఇంకొంత దూరం పోయాక అల విస్తరించి పలచబడి, వికృతి కోట్లలో ఒక వంతుకన్నా తగ్గిపోతుంది. అక్కడినుంచి అది మూడు మర్యాదలూ పాటించే అల. ఉడిపి వైపు జియోఫోనులకు చేరింది ఈ రెండో బతుకే. 34 కిలోమీటర్లనీ 41 కిలోమీటర్లనీ తేల్చగలగడానికి కారణం కూడా అదే. అయితే ఆ అల ఆకారం, అందులో ఏ పౌనఃపున్యానికి, అంటే సెకనుకు ఎన్ని సార్లు ఊగే భాగానికి, ఎంత బలం ఉందన్నది, మొదటి బతుకులోనే నిర్ణయమైపోయింది.

రాయి ఇలా ఎందుకు ప్రవర్తిస్తుందో నెల్లూరు నేలే చూపిస్తుంది. తీరపు మైదానానికి పడమట ఉత్తర దక్షిణాలుగా సాగే పట్టీని నెల్లూరు షిస్టు పట్టీ అంటారు. షిస్టులో అభ్రకపు రేకులు ఒకే వైపు పడుకుని ఉంటాయి. పుస్తకాన్ని పుటల వెంట నొక్కడం, అట్ట మీద నొక్కడం ఒకటి కానట్టే, ఈ రాతిలో పొరల వెంట పోయే అల వేగంగానూ, పొరలకు అడ్డంగా పోయే అల నెమ్మదిగానూ ఉంటాయి. పొరల మధ్య సన్నని ఖాళీలు ఉంటాయి కనుక అడ్డంగా నొక్కినప్పుడే రాతి బిగువు, అంటే నొక్కుడుకి లొంగని గుణం, ఎక్కువగా మారుతుంది. గూడూరు, సైదాపురం, కలిచేడు ప్రాంతాల పెగ్మటైటులు వేరే రకం. అవి పెద్ద పెద్ద పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం స్ఫటికాల ముద్దలు. వందేళ్లకు పైగా అక్కడ తవ్వి తీసిన కాకిబంగారం వాటిలోదే. ఆ అభ్రకాన్ని గోటితో రేకులుగా చీల్చవచ్చు. రేకు తనంతట తాను గట్టిదే, బలహీనత అంతా రేకుకీ రేకుకీ మధ్యనే.

అన్ని రాళ్ల సంగతీ ఇంతే. పలుగురాయి స్ఫటికం బిగువును, అదే పలుగు రేణువులు అతుక్కుని ఏర్పడిన ఇసుకరాయి బిగువుతో పోలిస్తే, ఇసుకరాయిది ఐదో వంతో పదో వంతో ఉంటుంది. పదార్థం ఒక్కటే అయినప్పుడు ఆ తేడా రేణువులు ఒకదాన్నొకటి తాకే చోట్ల నుంచి రావాలి. కుంచంలో మొలకొలుకుల బియ్యం పోసి పైనుంచి అదిమితే మొదట మెత్తగా ఉండి, అదిమినకొద్దీ బిగుసుకుంటుంది. తాకే చోట్లు పెరుగుతాయి, తాకిన చోట ఒరుసుకునే మేర పెరుగుతుంది. రెండు గుండ్రని వస్తువులు నొక్కుకుంటే బలం వాటి దగ్గరితనానికి సమానంగా పెరగదని, దానికన్నా త్వరగా పెరుగుతుందని జర్మనీలో హైన్రిహ్ హెర్ట్జ్ 1882లోనే లెక్కకట్టాడు. రాతిలో రేణువులు అతుక్కుని ఉంటాయి కనుక బియ్యంలా జారిపోవు. కానీ అతుకుల్లో సన్నని పగుళ్లు ఉంటాయి. నొక్కితే పగులు మూసుకుని రాయి బిగుస్తుంది. లాగితే పగులు తెరుచుకుని రాయి మెత్తబడుతుంది. సూత్రం వంకరపోవడానికి ఇది చాలు.

అమెరికాలో ఫ్రాన్సిస్ బర్చ్ 1960లో రాళ్లను పదివేల బార్ల ఒత్తిడి దాకా నొక్కుతూ అల వేగం కొలిచాడు. గ్రానైటు లాంటి రాళ్లలో మొదటి ఒకటి రెండు వేల బార్లలోనే వేగం గబగబా పెరిగి, తర్వాత దాదాపు నిలకడగా ఉండిపోయింది. పగుళ్లన్నీ మూసుకోవడానికి ఆ మాత్రం ఒత్తిడి సరిపోయిందన్నమాట. రెండు వేల బార్లంటే భూమిలో ఏడెనిమిది కిలోమీటర్ల లోతు. అందుకే కావలి గీత కింద లోతుగా వెళ్లిన అల దాదాపు మూసుకున్న రాళ్లలో నడిచింది. వంకర ప్రవర్తన అంతా పైనున్న కొద్ది కిలోమీటర్లలో, మనిషి ఇల్లు కట్టుకునే, బావి తవ్వుకునే, క్వారీ పెట్టుకునే పొరలో ఉంది.

ప్రయోగశాలలో దీన్ని పట్టుకోవడానికి అన్నిటికన్నా తేలికైన పద్ధతి ఒక రాతి కడ్డీని మోగించడం. వీణ తీగను మెల్లగా మీటినా గట్టిగా మీటినా స్వరం దాదాపు అదే ఉంటుంది, నాదం మాత్రం పెరుగుతుంది. ఇసుకరాతి కడ్డీ అలా కాదు. ఒక కొనను కంపింపజేస్తూ, ఏ పౌనఃపున్యం దగ్గర అది గట్టిగా అనునాదం చేస్తుందో గుర్తిస్తారు. తర్వాత కంపనం బలం కొద్దికొద్దిగా పెంచుతారు. బలం పెంచినకొద్దీ కడ్డీ స్వరం కిందికి దిగుతుంది. మోగినందుకే అది మెత్తబడుతోంది. ఆ దిగడం కూడా స్ఫటికాలకు వర్తించే పాత సిద్ధాంతం చెప్పినట్టు కంపన పరిమితి (ఊగే మేర) వర్గాన్ని అనుసరించదు, సూటిగా కంపన పరిమితినే అనుసరిస్తుంది. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో పాల్ జాన్సన్, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ గయర్, వారి సహచరులు 1990ల నుంచి ఈ తేడాను ఓపికగా కొలిచారు. రేణువుల మధ్య అతుకులు స్ప్రింగుల్లా మాత్రమే పనిచేయడం లేదని దానితో రుజువైంది. ఒక బలానికి తెరుచుకున్న అతుకు మళ్లీ అదే బలానికి మూసుకోదు. అందువల్ల రాయిని నొక్కి వదిలితే పోయిన దారిన వెనక్కి రాదు, బొమ్మలో ఒక ఉచ్చు ఏర్పడుతుంది. ఆ ఉచ్చు లోపల చిన్నగా నొక్కి వదిలితే చిన్న ఉచ్చు. అది ముగిశాక రాయి తను వదిలిన చోటికే వచ్చి పెద్ద దారి పట్టుకుంటుంది. ఎక్కడ వదిలిందో రాయికి గుర్తు ఉంటుంది.

ఇంతకన్నా ఆశ్చర్యం కలిగించేది ఆ తర్వాతి సంగతి. కడ్డీని కొన్ని నిమిషాలు గట్టిగా కంపింపజేసి ఆపేస్తే, తగ్గిన బిగువు వెంటనే తిరిగి రాదు. మొదటి సెకను నుంచి పదో సెకను వరకు ఎంత కోలుకుంటుందో, పదో సెకను నుంచి నూరో సెకను వరకు కూడా అంతే కోలుకుంటుంది. అక్కడినుంచి వెయ్యో సెకను దాకా మళ్లీ అంతే. ఈ నడక గంటల తరబడి సాగుతుంది. ఇసుకరాయి, సున్నపురాయి, కాంక్రీటు, పగిలిన సిరామిక్ అన్నీ ఇదే తీరున కోలుకుంటాయి. వాటి రసాయనం వేరు, వయసు వేరు. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది రేణువులో పగుళ్లో. ఈ నెమ్మది కోలుకోవడం వెనుక అతుకుల్లో జరిగే పని మీద శాస్త్రజ్ఞుల మధ్య ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. తేమ పాత్ర మాత్రం స్పష్టం. శూన్యంలో బాగా ఆరబెట్టిన రాయిలో శక్తి నష్టమూ వంకర ప్రవర్తనా బాగా తగ్గుతాయి, కాస్త నీటి ఆవిరి తగిలితే మళ్లీ పెరుగుతాయి. చంద్రుడి మీద అపోలో యాత్రికులు అమర్చిన పరికరాల్లో ఒక్కో కుదుపు గంటసేపు మోగుతూ ఉండిపోవడానికి అక్కడి రాళ్లు పూర్తిగా ఎండి ఉండటం ఒక కారణం. సముద్రపు గాలి ఏడాది పొడుగునా తాకే నెల్లూరు తీరపు రాళ్ల పరిస్థితి దానికి పూర్తిగా వ్యతిరేకం.

కడ్డీలో నిలిచి ఊగే అల సంగతి ఇలా ఉంటే, నడిచే అలలో మార్పు మరో రూపంలో కనిపిస్తుంది. రాయి నలిగిన చోట బిగువు ఎక్కువ, కనుక అలలో నలిగిన భాగం కాస్త ముందుకు ఉరుకుతుంది. సాగిన భాగం వెనకబడుతుంది. నున్నగా బయలుదేరిన అల నడిచినకొద్దీ ఒక పక్కకు వాలుతుంది, ఒడ్డు దగ్గరికి వచ్చే కడలి అల ముందుకు ఒరిగినట్టు. ఒరిగిన అలలో మొదటి పౌనఃపున్యానికి రెట్టింపు పౌనఃపున్యం కొత్తగా పుడుతుంది. దాన్ని రెండో అనుస్వరం అంటారు. దాని బలం నడిచిన దూరంతోనూ, మొదటి అల కంపన పరిమితి వర్గంతోనూ పెరుగుతుంది. సుమారు రెండు మీటర్ల ఇసుకరాతి కడ్డీలో ఈ పెరుగుదలను లాస్ అలమోస్ బృందం 1993లో చూపించింది. రెండు వేర్వేరు అలలను ఒకే రాతిలోకి పంపితే వాటి మొత్తమూ తేడా కూడా కొత్త స్వరాలుగా వస్తాయి. ఈ గుణాన్ని ఒక సంఖ్యగా కొలిస్తే నీటికి 3.5, మామూలు లోహాలకు పది లోపు, రాళ్లకు వందల నుంచి వేల దాకా వస్తుంది.

సంతలో కుండ కొనేవారు వేలితో తట్టి చూడటం వెనుక ఉన్నదీ ఈ కుటుంబానికి చెందిన జ్ఞానమే. కంటికి కనిపించని బీట ఉన్న కుండ ఖంగుమనదు. ఇంజినీర్లు కాంక్రీటు దిమ్మెలో, విమానపు భాగంలో అలలు పంపి కొత్త అనుస్వరాల కోసం వెతుకుతారు. బీట వల్ల అల వేగంలో వచ్చే తేడా చాలా స్వల్పం, అనుస్వరాల్లో వచ్చే తేడా మాత్రం పెద్దది.

క్వారీ దగ్గర ఊళ్లకు సంబంధించిన ఒక లెక్క ఇక్కడ చెప్పుకోదగ్గది. నేల కదిలే వేగాన్ని అల పోయే వేగంతో భాగిస్తే వికృతి వస్తుంది. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో ఇచ్చిన ప్రమాణాల్లో, చుట్టుపక్కల మామూలు ఇళ్ల దగ్గర, సెకనుకు 8 కన్నా తక్కువ సార్లు ఊగే కంపనానికి నేల వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. గట్టి బండలో అల వేగం సెకనుకు 5 కిలోమీటర్లు అనుకుంటే వికృతి సరిగ్గా పది లక్షల్లో ఒక వంతు. రాయి సూత్రం తప్పడం మొదలుపెట్టే గుమ్మం అదే. అదే 5 మిల్లీమీటర్ల కదలిక తీరం దగ్గర ఇసుకలో పక్కకు ఊగే అలగా వస్తే, అక్కడ ఆ అల వేగం సెకనుకు సుమారు 200 మీటర్లే కనుక, వికృతి ఇరవై ఐదు రెట్లు పెరుగుతుంది. కొలత ఒక్కటే, కింద ఉన్న నేలను బట్టి అర్థం మారిపోతుంది. కంపనం కొలిచే ప్రతిచోటా కింద ఏముందో రాసుకోవడం అందుకే అవసరం.

పెన్నా నది తెచ్చిపోసిన ఇసుక, బంకమట్టి నెల్లూరు నగరం నుంచి కడలి దాకా పరుచుకుని ఉన్నాయి. మైపాడు, కృష్ణపట్నం దగ్గర ఆ ఇసుకలో నీరు నిండుగా ఉంటుంది. లక్షలో ఒక వంతు వికృతి దగ్గర ఇసుక మెత్తబడటం మొదలై, పదివేలలో ఒక వంతు దాటేసరికి బిగువులో కనిపించేంత భాగం పోతుంది. చిన్న భూకంపాన్ని ఇసుకనేల పెద్దది చేసి చూపిస్తుంది. పెద్ద భూకంపంలో అదే ఇసుక తన బిగువు కోల్పోతూ, వేగంగా ఊగే కంపనాన్ని కొంత మింగేస్తుంది. ఆ మింగడాన్ని మేలు అనుకోవడం ప్రమాదం. రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి నేల ద్రవంలా మారితే, 1964లో జపాన్‌లోని నీగాటాలో జరిగినట్టు, విరగని భవనాలు కూడా పక్కకు ఒరిగిపోతాయి. 2001 గుజరాత్ భూకంపంలో రణ్ ప్రాంతంలో నేల లోంచి ఇసుకా నీరూ పైకి చిమ్మింది కూడా ఇందువల్లే.

నెల్లూరు తీరం పెద్ద భూకంపాల చోటు కాదు. కానీ ఉత్తరాన ఒంగోలు దగ్గర 1967 మార్చి 27న 5 దాటిన తీవ్రతతో భూకంపం వచ్చింది. 2016 నాటి భారతీయ ప్రమాణం నెల్లూరును మూడో భూకంప మండలంలో పెట్టింది. చిన్న కుదుపులను కొలిచి వాటిని పదితోనో వందతోనో హెచ్చవేసి పెద్ద భూకంపం ఎలా ఉంటుందో చెప్పడం హుక్ సూత్రం ఉన్నచోట చెల్లుతుంది. పెన్నా ఇసుక మీద అది చెల్లదు. రేవు గోడకైనా, విద్యుత్ కేంద్రం పునాదికైనా, ఇసుకను అన్ని వికృతుల దగ్గరా విడివిడిగా పరీక్షించి తీరాలి.

ప్రయోగశాలలోని నెమ్మది కోలుకోవడం భూమిలోనూ జరుగుతుందని 2008లో ప్రకటించిన ఒక కొలత చూపించింది. కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్ దగ్గర 2004 సెప్టెంబరు 28న తీవ్రత 6 భూకంపం వచ్చాక, అక్కడి పైపొర రాళ్లలో అల వేగం వెయ్యిలో ఒక వంతు కన్నా తక్కువ మేర పడిపోయింది. తిరిగి కోలుకోవడానికి సంవత్సరాలు పట్టింది. ఇంత చిన్న మార్పును పట్టుకోవడానికి మందు పేల్చలేదు. నేలలో రాత్రింబగళ్లు ఆగకుండా ఉండే సన్నని రొదనే వాడారు. రెండు చోట్ల ఒకే సమయంలో నమోదైన రొదను నెలల తరబడి పోల్చితే, ఒక చోట తట్టితే రెండో చోట ఏం వినిపిస్తుందో తేలుతుంది.

ఆ రొద పుట్టేది సముద్రంలో. ఎదురెదురుగా వచ్చే రెండు అలలు కలిసినప్పుడు, వాటి పౌనఃపున్యానికి రెట్టింపుగా ఊగే నీటి ఒత్తిడి అడుగు దాకా దిగుతుందని ఇంగ్లండుకు చెందిన మైకేల్ లాంగెట్-హిగ్గిన్స్ 1950లో నిరూపించాడు. రెట్టింపు స్వరం మళ్లీ వంకర సమీకరణం నుంచే వచ్చింది, ఈసారి నీటిలో. నేల పట్టుకునే ఈ రొద ఐదు నుంచి పది సెకన్లకొకసారి ఊగుతుంది. తుపాను వచ్చినప్పుడు అది ఎన్నో రెట్లు పెరిగి వందల, వేల కిలోమీటర్ల దూరంలోని పరికరాల్లో కనిపిస్తుంది. 1989 నవంబరులో థాయిలాండ్ సింధుశాఖలో పుట్టిన గే తుపాను బంగాళాఖాతం దాటి తీరం తాకింది కావలి దగ్గరే. మందు పేల్చి కొలిచిన గీత మొదలయ్యేదీ ఆ ఊరి దగ్గరే.

నెల్లూరు తీరానికి వానలో పెద్ద వాటా ఈశాన్య రుతుపవనాలదే. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బావులు నిండుతాయి, పగుళ్లలో నీరు చేరుతుంది, రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి రాయి కాస్త మెత్తబడుతుంది, అల వేగం తగ్గుతుంది. ఇతర దేశాల్లో రొదతో ఈ రుతువుల మార్పును కొలిచారు. ఈ తీరంలో మాత్రం ఒక చిక్కు ఉంది. రాయిని మెత్తబరిచే వానా, కొలతకు పనికొచ్చే రొదను పెంచే తుపానులూ ఒకే నెలల్లో వస్తాయి. రొద మారినందువల్ల వచ్చిన తేడా ఎంతో, రాయి మారినందువల్ల వచ్చిన తేడా ఎంతో విడదీయాలంటే, వాన వెలిశాక జనవరి నుంచి మార్చి దాకా సముద్రం నెమ్మదించిన రోజుల్లోనూ అవే పరికరాలు అవే చోట్ల నేల మాట వింటూ ఉండాలి.